చవకలో స్పోర్ట్స్ కారు: పికప్ చూస్తారు సరే, బ్రేకులూ టైర్లూ చూశారా?

తక్కువ ధరలో స్పోర్ట్స్ కారు, లేదా ఆ పేరు చెప్పి అమ్ముతున్న కారు కొనవచ్చా అని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. టెక్కలిలో ఉంటాను, ఉద్యోగం శ్రీకాకుళంలో. రోజూ హైవే మీదే రాకపోకలు. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ మాన్యువల్ కొనాలనుకుంటున్నాను. "లీటరు ఇంజిన్, మూడు సిలిండర్లు, ఇదేం స్పోర్ట్స్ కారురా" అంటున్నారు మా నాన్నగారు. మంచీ చెడూ రెండూ చెప్పండి.
(టెక్కలి)

జవాబు: మీ నాన్నగారన్నదాంట్లో సగం నిజం ఉంది. అసలైన స్పోర్ట్స్ కారు ఎత్తు తక్కువగా, తేలిగ్గా ఉంటుంది. ఇద్దరి కోసం, నడిపే సుఖం కోసమే తయారవుతుంది. ఎన్ లైన్ అలాంటిది కాదు. ఐదుగురు కూర్చునే ఇంటి కారుకే బిగువైన సస్పెన్షన్, మెరుగైన బ్రేకులు, బరువైన స్టీరింగ్, కాస్త గొంతున్న సైలెన్సర్ పెట్టి ఇచ్చారు. పది పన్నెండు లక్షల్లో మన దేశంలో దొరికేది ఈ రకమే. అది తెలిసి కొంటే తృప్తిగా నడుపుకోవచ్చు. పోస్టర్ చూసి కొంటే ఆరు నెలల్లో విసుగొస్తుంది.

మిగతా సగంలో మాత్రం ఆయన మాట నిలవదు. సిలిండర్లు ఎన్నన్నది కాదు, బలం ఏ ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర అందుతుందన్నది చూడాలి. 998 సీసీ టర్బో ఇంజిన్ (గాలిని ఒత్తిడితో నింపి బలం పెంచే రకం) 6000 ఆర్‌పీఎం దగ్గర 120 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) ఇస్తుంది. మీ రోజువారీ ప్రయాణానికి ఆ అంకె కంటే టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ముఖ్యం. 1500 నుంచి 4000 ఆర్‌పీఎం దాకా 172 న్యూటన్ మీటర్లు ఒకే తీరుగా వస్తాయి. నరసన్నపేట దాటాక గ్రానైట్ లారీ వెనక 60లో పోతున్నారనుకోండి. నాలుగో గేరులో ఉండే యాక్సిలరేటర్ తొక్కితే చాలు, బండి లాక్కుపోతుంది. టర్బో లేని 1.2 ఇంజిన్‌తో అదే పనికి మూడో గేరు వేసి ఇంజిన్‌ని అరిపించాలి.

1500 కంటే కిందికి పడితే మాత్రం టర్బో నిద్రపోతుంది. స్పీడ్ బ్రేకర్ దిగి మూడో గేరులోనే 20లో తొక్కితే బండి గుంజుకుంటుంది, వణుకుతుంది. అక్కడ రెండో గేరు వెయ్యాల్సిందే. ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీటులో సన్నటి అదురు తెలుస్తుంది. అది మూడు సిలిండర్ల ఇంజిన్ స్వభావం, లోపమని సర్వీసు వాళ్లతో గొడవ పెట్టుకోనక్కర్లేదు.

ఈ బండిలో మాకు బాగా నచ్చింది ఇంజిన్ కాదు, నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు ఉండటం. ఈ ధరలో కంపెనీలు మొదట కోత పెట్టేది అక్కడే. పికప్ గురించి అంకెలు అచ్చేసి, వెనక డ్రమ్ములతో సరిపెడతాయి. 100 వేగంలో పోతూ అడ్డంగా గేదె వచ్చిందనుకోండి. మీ కన్ను చూసి కాలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను పడుతుంది, ఆ లోపే బండి 42 మీటర్లు పోయి ఉంటుంది. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే ఆగడానికి ఇంకో 50 మీటర్లు కావాలి. మొత్తం 90 మీటర్ల పైమాట. అదే 80లో అయితే 65 మీటర్లలో ఆగుతుంది. ఆ పాతిక మీటర్ల తేడాని ఏ ఇంజినూ తిరిగి ఇవ్వలేదు. నాలుగు వరుసల డివైడర్ రోడ్డు మీద కార్లకి కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 100. కానీ మన వైపు సర్వీసు రోడ్డు వదిలి ఎదురొచ్చే ఆటోలు, డివైడర్ సందులోంచి దూరే మోటారు సైకిళ్లు ఉన్న చోట 80 దాటకపోవడమే తెలివి.

ఇక చెడ్డ. సస్పెన్షన్ గట్టిది. హైవే మీద 90లో బండి రోడ్డుని పట్టుకుని నిబ్బరంగా పోతుంది, ఆ సుఖం నిజమే. ఊళ్లోకి మళ్లాక పంచాయతీ రోడ్డు గతుకులన్నీ నడుముకి లెక్క చెబుతాయి. మీ నాన్నగారూ అమ్మగారూ తరచూ వెనక సీట్లో కూర్చునేవారైతే వాళ్లని ఎక్కించుకుని చూడకుండా అడ్వాన్సు కట్టకండి. రెండోది, లాగేది ముందు చక్రాలే. వాన తడి మీద మొదటి గేరులో గట్టిగా తొక్కితే చక్రం జారి తిరుగుతుంది, స్టీరింగ్ చేతిలో గుంజుతుంది. మూడోది మైలేజీ. టర్బో బండిలో మైలేజీ మీ కుడికాలి మీద ఆధారపడి ఉంటుంది. 80 మీద నిలకడగా పోతే లీటరుకి పదిహేడు, పద్దెనిమిది వస్తుంది. ఊళ్లో తొక్కుతూ నడిపితే పది, పన్నెండుకి పడిపోతుంది. ట్యాంకు 37 లీటర్లే కాబట్టి బంకుకి తరచూ వెళ్లాలి.

టైర్ల దగ్గర చాలామంది పొరపాటు చేస్తున్నారు. ఈ బండికి కంపెనీ ఇచ్చేది 195/55 ఆర్16 (వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు). అంటే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య 107 మిల్లీమీటర్ల రబ్బరు ఉంది. అందం కోసం 17 అంగుళాల రిమ్ము వేసి 205/45 టైరు ఎక్కిస్తే అది 92కి తగ్గుతుంది. వానాకాలం గుంతలో 60లో దిగితే టైరు పక్క గోడ లోపలి దారాలు తెగి కోడిగుడ్డంత ఉబ్బు వస్తుంది. దానికి ప్యాచీ ఉండదు, టైరు పారెయ్యడమే. రిమ్ము వంగితే అది అదనం. పట్టు పెరగాలంటే 16 రిమ్మే ఉంచి, అరిగాక మెత్తటి రబ్బరున్న మంచి రకం టైర్లు అదే సైజులో నాలుగూ ఒకేసారి మార్చండి. 205/55 ఆర్16 వెయ్యమని అంగళ్లలో చెబుతారు. దాని వ్యాసం 11 మిల్లీమీటర్లు ఎక్కువ. అంటే స్పీడోమీటర్ 100 చూపిస్తే మీరు దాదాపు 102లో ఉన్నట్టు లెక్క, పికప్ కూడా పిసరంత తగ్గుతుంది. గాలి ఎంత పెట్టాలో డ్రైవర్ తలుపు తీస్తే కనబడే స్టిక్కర్ మీద ఉంటుంది. వారానికోసారి పొద్దున్నే, బండి నడపకముందు చూడండి.

ఇంకో సంగతి మన జిల్లాల వాళ్లకే చెప్పాలి. కోతల కాలంలో ఊరి రోడ్ల మీద చోళ్లు, ఉలవలు నూర్పిడికి పరుస్తారు. ఆ గడ్డి మీదుగా పోతే పోచలు బండి కింద ఇరుసుకీ సైలెన్సర్ గొట్టానికీ చుట్టుకుంటాయి. టర్బో పెట్రోలు బండిలో ఇంజిన్ దగ్గర పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వందల డిగ్రీల వేడిలో ఉంటుంది, ఎండుగడ్డి అంటుకోవడానికి అది చాలు. వీలైతే ఆ దారి మానండి. తప్పకపోతే దాటిన వెంటనే ఆపి, ఇంజిన్ కట్టేసి, కిందికి వంగి చూసి కర్రతో గడ్డి లాగేయండి. వేడి తగ్గకముందు చెయ్యి పెట్టకండి. కాలిన వాసన వస్తే ముందు అందర్నీ దింపండి.

టెస్ట్ డ్రైవ్ అంటే షోరూం చుట్టూ ఒక రౌండు కాదు, అరగంట అడగండి. వెనక ఇద్దర్ని కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్ మీద 15లో ఎక్కించండి, కింద తగులుతుందేమో వినండి. మూడో గేరులో 30 నుంచి తొక్కి టర్బో ఎప్పుడు అందుకుంటుందో చూడండి. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, 60లో గట్టిగా బ్రేకు వేసి బండి తిన్నగా ఆగుతుందా, ఓ పక్కకి లాగుతుందా గమనించండి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు స్టీరింగ్ కింద తగలకూడదు. కుదిరితే చీకటి పడ్డాక కూడా నడపండి, హెడ్‌లైట్ల సంగతి పగలు తెలియదు.

పన్ను విషయంలో మీకు కలిసొచ్చింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉన్న కార్ల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఈ బండి ఆ లెక్కలోకే వస్తుంది. డీలరు చూపించే పాత ధరల కాగితం నమ్మకండి, ఆన్‌రోడ్ ధర పద్దుల వారీగా రాయించుకోండి. మా మాట అడిగితే, ఒంటరిగా హైవే మీద రోజూ తిరిగే మీకు మాన్యువల్ ఎన్ లైన్ సరైన బండే.

ప్రశ్న: ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 1.5 ఆటోమేటిక్ చూస్తున్నాను. డీఎస్‌జీ గేరుబాక్సు పోతుందని భయపెడుతున్నారు. సాలూరు ఘాట్ మీదుగా కోరాపుట్ వైపు నెలకి నాలుగైదు సార్లు వెళ్లాలి.
(విజయనగరం)

జవాబు: ముందు బండి గురించి. 1498 సీసీ, నాలుగు సిలిండర్లు, 150 పీఎస్, 1600 నుంచి 3500 ఆర్‌పీఎం దాకా 250 న్యూటన్ మీటర్లు. చవక అనలేం గాని, ఇచ్చిన డబ్బుకి దక్కే బలం మాత్రం ఎక్కువ. ఘాట్‌లో నలుగురు, సామాను, ఏసీ ఉన్నా ఆయాసపడదు. 179 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ సెడాన్‌కి బాగా ఎక్కువే, డిక్కీ 521 లీటర్లు. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ కార్లని గుద్దించి చేసే పరీక్షలో పెద్దల రక్షణకీ పిల్లల రక్షణకీ ఐదేసి స్టార్లు వచ్చాయి. నిదానంగా పోతున్నప్పుడు మధ్య రెండు సిలిండర్లు వాటంతటవే ఆగి పెట్రోలు ఆదా అవుతుంది. ఇంత బలమున్న బండికి వెనక డ్రమ్ బ్రేకులే పెట్టడం మాకు నచ్చలేదు. ఘాట్ దిగేటప్పుడు ఆ మాట గుర్తుంచుకోవాలి.

డీఎస్‌జీ అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుబాక్సు. ఆ భయానికి కారణం ఉంది, అది పూర్తిగా గేరుబాక్సు తప్పు కాదు. లోపల ఉన్నవి ఆయిల్‌లో మునగని రెండు పొడి క్లచ్‌లు. మాన్యువల్ బండిలో మీరు సగం క్లచ్ మీద ఉంచి పాకిస్తే ప్లేటు ఎలా కాలుతుందో ఇక్కడా అంతే, కాకపోతే ఆ పని కంప్యూటర్ చేస్తుంది. పైడితల్లమ్మ సిరిమాను రోజున గంటస్తంభం వైపు అడుగడుగూ పాకిస్తూ పోతే క్లచ్ వేడెక్కుతుంది. ముందు బండికి ఒక కారు పొడవు ఖాళీ వచ్చేదాకా బ్రేకు మీద ఆగి, అప్పుడు ఒకేసారి కదలండి. ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, బ్రేకు తొక్కే ఉంచండి. ఈ రెండు అలవాట్లతోనే క్లచ్ ఆయుష్షు చాలా పెరుగుతుంది.

సాలూరు ఘాట్‌లో రాయ్‌పూర్ లారీలు నడక వేగంతో ఎక్కుతుంటాయి. వాటి వెనక డ్రైవ్‌లో వదిలేస్తే గేరుబాక్సు ఒకటికీ రెండుకీ మధ్య కొట్టుకుంటుంది. మాన్యువల్ మోడ్‌లో పెట్టి గేరు మీరే పట్టి ఉంచండి. దిగేటప్పుడు కూడా రెండులో ఉంచి, వేగాన్ని ఇంజినే పట్టుకునేలా చెయ్యండి. బ్రేకు మీద కాలు ఆనించి దిగితే డ్రమ్ములు వేడెక్కి, బ్రేకు ఆయిల్‌లో చేరిన తేమ మరిగి, పెడల్ మెత్తగా కిందికి దిగుతుంది. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి, బండి తిరిగినా తిరగకపోయినా. వాహనాల సర్వీసులో చాలామంది వదిలేసే పని ఇదే.

ఈ బండికి ఆరు గేర్ల మాన్యువల్ కూడా ఉంది. ఘాట్ ప్రయాణమే ప్రధానమైతే మేము దానికే ఓటేస్తాం. డీఎస్‌జీ కావాలంటే వారంటీ పొడిగింపు తప్పనిసరిగా తీసుకోండి. గేరుబాక్సు పని చేయగల సర్వీసు కేంద్రం మీకు ఎంత దూరంలో ఉందో కూడా ముందే కనుక్కోండి. జీఎస్టీ దీని మీద 40 శాతం, ఎందుకంటే పొడవు, సీసీ రెండూ చిన్న కారు హద్దు దాటాయి.

ప్రశ్న: నా టర్బో కారుకి రీమ్యాప్ చేయిస్తే ముప్పై హార్స్‌పవర్ పెరుగుతుందట. సైలెన్సర్ కూడా మార్చాలనుకుంటున్నాను.
(పలాస)

జవాబు: వద్దు. రీమ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి టర్బో ఒత్తిడి పెంచడం. క్లచ్, గేరుబాక్సు, పిస్టన్లు మాత్రం పాతవే. ముందు క్లచ్ జారుతుంది, తర్వాత ఏప్రిల్, మే ఎండల్లో ఇంజిన్ నాకింగ్ (పెట్రోలు వేళ కాని వేళ మండి ఇంజిన్ టకటకమని కొట్టుకోవడం) మొదలవుతుంది. వారంటీ పోతుంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అదే పట్టుకుంటుంది. ఆ డబ్బుతో నాలుగు మంచి టైర్లు, ముందు బ్రేకు ప్యాడ్లు, వీల్ అలైన్‌మెంట్ చేయించండి. మలుపులో తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి చికాగోలో ఉద్యోగం చేస్తున్నాడు. టొయోటా జీఆర్86 అనే రెండు తలుపుల కారు కొంటానంటున్నాడు. మంచిదేనా? రెండేళ్లలో వచ్చేస్తాడు, అప్పుడు దాన్ని ఇక్కడికి తెచ్చుకోవచ్చా అమ్మా?
(ఒక తల్లి, రాజాం)

జవాబు: తేవడం కుదరదమ్మా. అక్కడి బండికి స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది. మన దేశంలోకి దిగుమతయ్యే కారుకి స్టీరింగ్ కుడి వైపు ఉండాలన్నది నియమం. కాబట్టి వచ్చేముందు అక్కడే అమ్ముకోవాలి. టొయోటా ఈ కారుని మన దేశంలో అమ్మడం లేదు.

బండి మాత్రం మేలైనది. స్పోర్ట్స్ కారు అన్న మాటకి ఇది నిజంగా తగుతుంది. 2.4 లీటర్ల ఇంజిన్‌లో సిలిండర్లు నిలువుగా కాక రెండు పక్కలకీ పడుకుని ఉంటాయి, అందువల్ల బరువు నేలకి దగ్గరగా ఉండి మలుపుల్లో ఒరగదు. టర్బో లేదు. 228 హార్స్‌పవర్, లాగేది వెనక చక్రాలు, బరువు 1300 కిలోల లోపే. ముందటి మోడల్‌లో రెండు లీటర్ల ఇంజిన్ ఉండేది, మధ్యలో బలం ఒక్కసారి తగ్గినట్టు అనిపించేది. కొత్త ఇంజిన్‌తో ఆ లోటు చాలావరకు తీరింది. సుబారు బీఆర్‌జెడ్ దీని కవల, రెండూ జపాన్‌లో సుబారు కర్మాగారంలోనే తయారవుతాయి.

అబ్బాయికి చెప్పాల్సినవి ఇవి. వెనక సీటు పేరుకే, పెద్దవాళ్లు కూర్చోలేరు. మీరు చూడ్డానికి వెళితే ఒకరే ఎక్కగలరు. ప్రీమియం పెట్రోలే పొయ్యాలి. కుర్రవాళ్లకి అక్కడ ఇలాంటి కారు మీద బీమా ఎక్కువ పడుతుంది, కొనకముందే కొటేషన్ తీసుకోమనండి. అన్నిటికంటే ముఖ్యం చలికాలం. దీంతో వచ్చేవి వేసవి టైర్లు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి పోతే వాటి రబ్బరు బిగుసుకుపోయి పట్టు ఉండదు, మంచు మీద మరీ ప్రమాదం. చికాగోలో నవంబర్ నుంచి మార్చి దాకా వింటర్ టైర్ల సెట్టు వేరే ఉండాలి, ఆ ఖర్చు కారు ధరలోనే కలుపుకోవాలి. ఇంజిన్‌లో తెలిసిన లోపం ఒకటుంది. అడుగు భాగాన్ని అతికించే సీలెంట్ ఎక్కువై, ముక్కలుగా ఊడి, ఆయిల్ పీల్చే గొట్టం జాలీలో చేరిన సందర్భాలు ఉన్నాయి. రేసు ట్రాక్ మీద కుడి వైపు పొడుగాటి మలుపుల్లో ఆయిల్ ఒత్తిడి పడిపోవడం కూడా గమనించారు. మామూలు రోడ్డు వాడకంలో భయపడాల్సింది కాదు. ఆయిల్ మట్టం నెలకి రెండుసార్లు డిప్‌స్టిక్ తీసి చూసుకోవాలి, ట్రాక్ మోజు ఉంటే ఆయిల్ ఇంకా ముందుగా మార్చుకోవాలి.

ప్రశ్న: పాత పోలో జీటీ టీఎస్ఐ ఆటోమేటిక్, 2016 మోడల్, బేరం కుదిరేలా ఉంది. ఏం చూడాలి?
(బొబ్బిలి)

జవాబు: 105 పీఎస్ ఇచ్చే 1.2 టర్బో, ఏడు గేర్ల డీఎస్‌జీ. నడపడానికి నేటికీ ముచ్చటైన బండి. పోలో అమ్మకం మన దేశంలో 2022లోనే ఆగింది. విలువంతా గేరుబాక్సులో గేర్లని, క్లచ్‌లని నడిపే మెకట్రానిక్ యూనిట్ మీద ఉంది. లోపల ఆయిల్ ఒత్తిడి నిలిపే భాగం పగిలితే మీటర్‌లో గేరు అక్షరం మినుకుమంటుంది, బండి ఉన్నట్టుండి కదలదు. ఆ మరమ్మతు బేరాన్ని మింగేస్తుంది.

ముందు రోజు రాత్రి నుంచి నిలిపి ఉంచిన బండిని పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసి చూడండి, అమ్మేవాళ్లు ముందే వేడి చేసి పెట్టకుండా చెప్పండి. డ్రైవ్ నుంచి రివర్స్‌కి పదిసార్లు మార్చండి, ప్రతిసారీ ఒక సెకను లోపు పట్టాలి. ఇరవై నిమిషాలు ఊళ్లో నడిపి ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు వణుకు ఉందేమో చూడండి, ఉంటే క్లచ్ అయిపోయింది. స్కానర్ పెట్టించి గేరుబాక్సు ఎర్రర్ కోడ్లు చదివించండి, నిన్ననే చెరిపేసి ఉంటే అది కూడా అనుభవమున్న మెకానిక్‌కి తెలుస్తుంది. సర్వీసు బిల్లులు చూపించకపోతే వదిలేయండి. ఇంకోటి, ఇది 2023 ఏప్రిల్‌కి ముందు, అంటే ఇథనాల్ ఎక్కువ కలిసిన పెట్రోలుకి తగ్గ భాగాలు రాకముందు తయారైన బండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మైలేజీ కొంత తగ్గుతుంది, పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు గట్టిపడి కారుతున్నాయేమో లిఫ్ట్ మీద ఎక్కించి చూడాలి.

ప్రశ్న: ఓడ మీద ఉద్యోగం. ఆరేడు నెలలు ఇంట్లో ఉండను. సముద్రం దగ్గరే ఇల్లు. కొత్త టర్బో కారు కొని వదిలి వెళితే పాడవుతుందా?
(కవిటి)

జవాబు: జాగ్రత్త పడితే పాడవదు. వెళ్లేముందు కారు అడుగు భాగం మంచినీళ్లతో కడిగించి పూర్తిగా ఆరనివ్వండి, ఉప్పు గాలికి మొదట తుప్పు పట్టేది అక్కడే. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, అందుకని ట్యాంకు నిండా పెట్రోలు పోయించండి, లోపల గాలి ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. టైర్లలో స్టిక్కర్ మీద ఉన్నదానికంటే నాలుగైదు పాయింట్లు ఎక్కువ గాలి పెట్టండి. హ్యాండ్ బ్రేకు వెయ్యకండి, బ్రేకు పట్టేసి వదలదు. గేరులో ఉంచి చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. బ్యాటరీ మైనస్ వైరు తీసేయించండి. కారు మీద ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమట పట్టి రంగు దెబ్బతింటుంది, గాలి ఆడే గుడ్డ కవరు వాడండి.

ఇంట్లోవాళ్లు రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి కట్టేస్తామంటే వద్దనండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక ఆయిల్‌లో నీరు, పెట్రోలు చేరతాయి. నడపగలవాళ్లుంటే పదిహేను రోజులకోసారి అరగంట హైవే మీద తిప్పమనండి, లేదంటే ముట్టుకోవద్దనండి. తుపాను కాలంలో మీరు ఉండరు కాబట్టి బీమాలో ఇంజిన్ ప్రొటెక్ట్ (నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే వర్తించే అదనపు బీమా) కలిపించుకోండి. నీళ్లలో మునిగిన బండిని ఎవరూ స్టార్ట్ చెయ్యకూడదని ఇంట్లో చెప్పి వెళ్లండి. సిలిండర్‌లోకి నీరు చేరాక ఒక్కసారి తాళం తిప్పినా కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. తిరిగొచ్చాక మొదట ఆయిల్, ఫిల్టర్ మార్చి, బ్రేకులు 30 వేగంలో నాలుగైదుసార్లు నెమ్మదిగా వేసి డిస్కుల మీద తుప్పు అరగదీశాకే హైవే ఎక్కండి.